భుజం మీది బటన్లు

మండపేటలో సుభాషిణి అనే ఇల్లాలు ఉండేది. పాత బట్టని కొత్తగా మార్చడంలో ఆమెది అందె వేసిన చెయ్యి, కాని ఎవరినీ అడిగి చేసే అలవాటు మాత్రం లేదు. భర్త చొక్కా కాలరు తిప్పి కుట్టేది. పక్కింటి పిల్ల గౌనుకి కుచ్చులు పెట్టేసేది. "బాగుందా, లేదా?" అని దబాయించేది. బాగానే ఉండేది కాబట్టి ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఆ ఇంట్లోనే ఆమె ఆడపడుచు ఇందుమతి ఉండేది. ఆవిడ బడిలో టీచరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నించీ రోజూ సుభాషిణే ఆవిడకి జాకెట్టు తొడిగేది. ఆ కాసేపూ ఇందుమతి సిగ్గుతో తలుపు వైపు చూస్తూ నిలబడేది. మళ్లీ బడికి వెళ్లాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. "నా బట్టలు నేను కట్టుకోగలిగిన రోజు వెళతాను," అనేది.

అందుకోసం నెలల తరబడి, గుడ్డని పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో ఒక జాకెట్టు మార్చుకుంది. హుక్కులు తీసేసింది. కుడి భుజం నుంచి చేతి అంచు దాకా కుట్టు విప్పి, అక్కడా ముందువైపూ నొక్కితే అతుక్కునే టిచ్ బటన్లు పెట్టుకుంది. కుట్లు వంకరటింకరగా పోయాయి. అయితేనేం, తలుపేసుకుని ఒక్కతే తొడుక్కుంది! బడివాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఇందుమతి కునుకు తీస్తుంటే ఆ జాకెట్టు సుభాషిణి కంటపడింది. "అయ్యో, ఈ కుట్లతో వెళితే నలుగురూ నవ్వరూ!" అనుకుంది. ఆ బటన్లు ఎందుకో అడక్కుండానే కోసేసింది. మిషన్ మీద భుజం మూసేసి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి, తెల్లారి వదిన మొహం ఎంత వెలుగుతుందో అని మురిసిపోతూ మడతపెట్టింది.

తెల్లారింది. ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎంతకీ ఇందుమతి బయటికి రాలేదు. సుభాషిణి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఇందుమతి నేల మీద కూర్చుని భుజం కుట్టుని పళ్లతో లాగుతోంది. కుట్టు ఊడలేదు, గుడ్డ చిరిగింది.

"ఉండండి వదినా, నేను తొడుగుతాను!"

"నువ్వు తొడగకూడదనే కదే, ఇన్నాళ్లూ కుట్టుకున్నాను," అంది ఇందుమతి. ఆటోని వెనక్కి పంపించేసింది.

సుభాషిణి ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. బటన్లు పెట్టి అరడజను జాకెట్లు కుట్టిచ్చింది. అవన్నీ పెట్టెలోనే ఉన్నాయి. బడి మాట ఇందుమతి మళ్లీ ఎత్తలేదు. ఇప్పటికీ పొద్దున్నే మరదలికి చెయ్యి అప్పగించి, తలుపు వైపు చూస్తూ నిలబడుతుంది.

నీతి: ఎవరికైనా మేలు చేయబోయే ముందు వారిని ఒక్కమాట అడగాలి; అడగకుండా చేసిన మేలు అవతలివారు కష్టపడి నిలబెట్టుకున్నదాన్నే కూల్చేస్తుంది.