వెలగలపేట సిగ్గుగోడ

నైమిశారణ్యంలో మునులు అడిగితే సూతుడు చెప్పిన కథ కాదిది. ఎవరూ అడగకపోయినా చెప్పుకోవలసిన కథ, చెప్పేటప్పుడు కాస్త తల వంచుకోవలసిన కథ. పూర్వం, ఇప్పుడు అపార్టుమెంట్ల నడుమ ఇరుక్కుపోయిన ఈ వెలగలపేట శివారంతా జొన్నచేలుగా ఉన్న కాలంలో, ఓబులక్క అనే పుణ్యవతి చేలోనే మట్టిమిద్దె కట్టుకుని, భర్త గతించిన పిమ్మట కూడా సేద్యం విడువక, వెనుకగోడ లోపలివైపు తవ్వించిన పాతరలో ఏటేటా ధాన్యం నింపి పైన మన్ను కప్పి దాచుకుంటూ, గడప తొక్కినవారికి ఇంత సంగటి పెట్టి పంపుతూ కాలం గడిపేది.

అట్లుండగా వానదేవుడు మొహం చాటేశాడు. చెరువులు నెర్రెలు విచ్చి, పశువులు కబేళాల దారి పట్టి, పేటలో పొయ్యి రాజెయ్యని ఇళ్ళు ఎక్కువయ్యాయి. అప్పుడు ఓబులక్క ఊరి పెద్దకాపు కోనప్పను పిలిపించి, పాతరలోని జొన్నలు చావడికి చేర్చి జనానికి అంబలి కాచి పోయించమనీ, పెట్టిన చెయ్యి ఎవరిదో తెలిస్తే తాగేవాళ్ళకు సిగ్గుతో గుటక దిగదు కనుక తన పేరు ఎక్కడా ఎత్తవద్దనీ కోరింది. కోనప్ప సరేనన్నాడు. బండ్లలో కంపకట్టెల అడుగున మూటలు చావడికి చేరాయి, అంబలి కాగింది, జనం ప్రాణాలు నిలిచాయి. తాగినవారంతా కోనప్పను అన్నదాతవన్నారు, ధర్మరాజువన్నారు. కాదని ఆయన అనలేదు. మొదట్లో మాట నిలుపుకోవడానికే ఊరుకున్నాడట. తరువాత తరువాత ఆ పొగడ్త చెవికి ఇంపుగా ఉండి ఊరుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా?

పాతర అడుగంటింది, చావడిలో పొయ్యి ఆరింది. అయితే ఓబులక్క ఇంటి ఆచారం ఒకటుంది. పాతర వట్టిపోయినా దాని మూతిని వట్టిగా వదలరాదు. వెళ్ళిపోయిన ధాన్యలక్ష్మి మళ్ళీ వచ్చేదాకా శుక్రవారం శుక్రవారం పేడతో అలికి, పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించాలి. నిప్పు కోసం వచ్చిన ఒక ఇల్లాలు ఆ పచ్చి అలుకు, ఆ పసుపు చూసి, పాతర నిండుగా ఉందనుకుని ఊళ్ళో చెప్పింది. ఇంకేముంది! కుండకు మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా? మనం మలమల మాడుతుంటే ముసలిది గింజలు దాచి పూజలు చేస్తోందని జనం గడ్డపారలు పట్టుకుని కదిలారు. కోనప్ప వారిని ఆపలేదు. ఆపితే, చావడి జొన్నలు ఎక్కడివని అడుగుతారు కదా. మాట ఇచ్చాను కదా, ఎట్లా చెప్పేదని తనకు తానే సర్దిచెప్పుకుని, గుంపులో వెనుక నిలబడ్డాడు.

పాతర గోడవారనే ఉందని వెనుకగోడ పడగొట్టారు. పాతర మూత పెకలించి, లోపలి గాలి చెడ్డదో మంచిదో తెలియడానికి రివాజు ప్రకారం దీపం తాడుకు కట్టి దించారు. దీపం ఆరలేదు. అడుగున ఊడ్చిన నేల తప్ప ఒక్క గింజ లేదు. అప్పుడైనా సిగ్గుపడ్డారా అంటే, ముందే అమ్ముకుని ఉంటుందని ఒకరన్నారు, అవునవునని పదిమంది అందుకున్నారు. ఓబులక్క జనంలో ఉన్న కోనప్ప వంక ఒక్కసారి చూసి, పగిలిన మూతపెంకులు ఏరుకుంది. ఛీ, మన పెద్దలే అట్లా ప్రవర్తించారని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

కొన్నాళ్ళకు వాన కురిసింది. గింజ దొరకని ఇంటి గోడ పడగొట్టడం పాపమని, జనం వచ్చి మన్ను తొక్కి గోడ ఎత్తసాగారు. నడుమెత్తు లేవగానే గోడ జారిపోయింది. గడ్డి ఎక్కువ కలిపారు, జారిపోయింది. పుట్టమన్ను తెచ్చారు, శాంతి చేయించారు, అయినా జారిపోయింది. చివరకు ఓబులక్క, ఊరికి నేను గిట్టనప్పుడు గోడకు మాత్రం ఎట్లా గిట్టుతాను అని మూట కట్టుకుని, తమ్ముడి ఊరికి బయలుదేరింది. ఆమె చేని గట్టు దాటితే, అన్నం పెట్టిన తల్లిని దొంగ అని తరిమిన ఊరుగా వెలగలపేట మిగిలిపోతుంది. అది తెలిసినవాడు కోనప్ప ఒక్కడే.

ఆయన పరుగున పోయి అడ్డంపడి, అందరూ వింటుండగా అన్నాడు: "మీరు తాగిన అంబలి ఈ అక్క పాతరది. నా ఇంటిది ఒక్క గింజ లేదు. మీరు గోడ పగలగొడుతుంటే నేను తెలిసి నోరు మూసుకున్నాను."

జనం చేతుల్లోని మన్ను చేతుల్లోనే ఉండిపోయింది. ఓబులక్క అడిగింది: "గోడ నిలబడాలని చెప్తివా కోనప్పా, నిజమని చెప్తివా?"

ఆయన తల వంచుకుని ఒక మట్టిముద్ద తీసి గోడమీద పెట్టాడు. ఆ ముద్ద జారకుండా నిలిచింది. తరువాత ఊరివారు ఒక్కొక్కరూ, తాము అన్న మాటలను పైకి చెప్పుకుంటూ ఒక్కొక్క ముద్ద పెట్టారు, సాయంత్రానికి గోడ లేచింది. ఓబులక్క మూట విప్పుకుని లోపలికి వెళ్ళింది గానీ, ఆ ఊరివారిని క్షమించానని మాత్రం బ్రతికినన్నాళ్ళూ అనలేదట.

ఆ మిద్దె నేటికీ ఉంది. అందులో విగ్రహం లేదు, హారతి లేదు, ఇక్కడ వరాలు అడగరు. మృగశిర కార్తెలో వెలగలపేట వారు, ఫ్లాట్లలో కాపురముంటున్నవారు సైతం, చెప్పులు విడిచి వచ్చి, తెలిసి కూడా తాము చెప్పకుండా ఊరుకున్న సంగతి ఒకటి గోడకు మెల్లగా చెప్పి, ఇంత మన్ను మెత్తి పోతారు. మొన్న పాత కట్టడాల విలువ కట్టే అధికారులు వచ్చి, దూలాలు చూసి, తలుపుల చెక్కడం చూసి ముచ్చటపడి, మూడు గోడలు మూరెడు మందమైతే ఈ ఒక్క గోడ అంత లావుగా ఎందుకుందని అడిగారు. అక్కడున్న మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఆ గోడ ఏటేటా లావెక్కుతూనే ఉంది.