దొరగారి పాత తుపాకి

దొర తన పాత తుపాకిని చేలకాపరి ఈరప్పకు అంటగట్టబోయాడు. దాని గొట్టం పగిలి, కిందటేడు ఒక వేటగాడి చెయ్యి పోయింది. పగులు మీద కొత్త ఇత్తడి పట్టీ మెరుస్తోంది. కొని పేలిస్తే ప్రాణం పోతుంది, వద్దంటే కొరడా దెబ్బలు. ఈరప్ప ఆ పట్టీకేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఏరా, నా తుపాకి మీద అనుమానమా?"

"ఎంతమాట దొరా! ఎద్దును అమ్మేవాడు తానే కాడి కట్టి, ఒక సాలు దున్ని చూపాకే పలుపు చేతికివ్వడం మా ఆనవాయితీ. తమరూ ఒక్కసారి పేల్చి ఇప్పించండి. కళ్లకద్దుకుని తీసుకుంటాను."

చుట్టూ చేరిన జనమంతా చూస్తున్నారు. దొర తుపాకిని భుజానికి ఆనించాడు. ఈరప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదు. కళ్లు తెరిస్తే, దొర నుదుట చెమటలు.

"ఇవాళ మంచిరోజు కాదురా. ఇంకోనాడు పేలుస్తాలే."

"అలాగే దొరా, ఆనాడే కొంటాను."

ఆ మంచిరోజు కోసం దొరగారి పురోహితుడు నేటికీ పంచాంగం తిరగేస్తూనే ఉన్నాడట.