మంత్రిగారింట పొంగిన కుండ

"మత్తెక్కే కల్లు ఎవరింట దొరికినా కొరడా దెబ్బలే" అని మంత్రి దండోరా వేయించాడు.

"పొద్దున దించిన తియ్యకల్లు సాయంత్రానికి దానంతటదే పులుస్తుంది దొరా, ఆ చట్టం మార్చండి" అని, దెబ్బలు తిన్న మగణ్ణి చూపిస్తూ కల్లమ్మే లచ్చవ్వ మొత్తుకుంది.

"అబద్ధం! మీరే ఏదో కలుపుతున్నారు" అని గద్దించాడు మంత్రి.

లచ్చవ్వ వదల్లేదు. మర్నాడు తెల్లవారగానే, అప్పుడే దించిన కల్లుకుండతో రాజసభకు వెళ్లింది. మంత్రి రుచి చూసి తియ్యగానే ఉందన్నాడు.

"అయితే మూతికి మీ ముద్ర వేసి మీ ఇంట్లోనే పెట్టుకోండి. పొద్దుగూకాక రాజుగారే చూస్తారు" అంది.

సాయంత్రం రాజు వచ్చేసరికి నురగ ముద్రను తోసేసి గడప దాకా పొంగింది. రెండు గుక్కలకే రాజుకు తల దిమ్మెక్కింది.

"మత్తుకల్లు దొరికిన ఇల్లు నాది కాదు ప్రభూ" అంది లచ్చవ్వ.

రాజు కొరడా తెమ్మన్నాడు. అది వచ్చేలోపే మంత్రి చట్టం మార్చేశాడు.