వియ్యాలవారి దుమ్ము మిషను

మా కోనసీమలో సూక్ష్మంవారని ఒక కుటుంబం ఉంది. ఆ పేరు వాళ్ళకి ఎవరూ పెట్టలేదు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడానికి ఎంత బుర్ర కావాలో తెలుసా?" అని ఇంటి పెద్ద తాతబ్బాయిగారు దారిన పోయేవాళ్ళని ఆపి మరీ అడుగుతూ ఉంటారు. వానొస్తే తడిసిపోతుందని గొడుగుని మడిచి చంకలో పెట్టుకునే మనిషాయన. భార్య మంగతాయారు ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. కొడుకు సత్తిపండుకి పాతికేళ్ళు. అమ్మ తెలివీ నాన్న తెలివీ రెండూ కలిపి వచ్చాయని ఇంట్లో వాడంటే మహా గర్వం.

కూతురు సూర్యకుమారిని అమలాపురంలో ఇచ్చారు. ఇప్పుడు ఏడో నెల. తొలి పురుడు పుట్టింట్లోనే పొయ్యాలని తాయారు ఎదురుచూపులు చూస్తోంది. పిల్ల పడుకునే మంచం ఎటు వెయ్యాలో రోజుకోసారి మార్చి చూసుకుంటోంది పాపం. కానీ పిల్ల అత్తగారు కామాక్షమ్మకి దుమ్ము పడదు. రవ్వంత దుమ్ము లేస్తే వరసపెట్టి పది తుమ్ములు. "మీ ఇంట్లో దుమ్ము ఎక్కువ. ఇదిగో, మా వాక్యూమ్ క్లీనర్ పంపిస్తున్నా. శనివారం నాలుగింటికి వచ్చి ఇల్లంతా తిరుగుతాను. ఒక్క తుమ్ము వచ్చిందా, పురుడు మా ఇంట్లోనే" అని ఖరాఖండీగా కబురు పెట్టింది.

శనివారం పొద్దున్నే సత్తిపండు మిషను ఆన్ చేశాడు. అది ఝుయ్యిమని అరుస్తూ మూలమూలలా దుమ్మంతా లాగేసింది. అరగంటలో ఇల్లు అద్దంలా అయింది. అక్కడితో ఆపితే వాళ్ళు సూక్ష్మంవారు ఎందుకవుతారు?

"ఏవండోయ్" అంది తాయారు దిగులుగా. "వియ్యాలవారింటి నుంచి వచ్చింది. మనింట్లో దుమ్ము అప్పుడే అయిపోయింది. దీని కడుపు నిండిందో లేదో! అర్ధాకలితో పంపించారని అక్కడ అనుకుంటే?"

"ఆయ్, మన పరువేం కాను!" అన్నారు తాతబ్బాయిగారు.

అంతే. సత్తిపండు గంప పట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తాడు. రెండు గంపల దుమ్ము తెచ్చి గొట్టం ముందు పోశాడు. అది కాగానే తాయారు పొయ్యిలో బూడిద వడ్డించింది. "ఇంకొంచెం, ఇంకొక్క కొంచెం" అంటూ కొసరి కొసరి ఊక పెట్టింది. మిషను మూలగడం మొదలుపెట్టింది. "మొహమాటపడుతోందండీ" అని ఇంకో చేటెడు ఊక తోసింది. ఇంకేముంది, అది ఊరికే రొద పెడుతోంది తప్ప గడ్డిపరకని కూడా లాగడం మానేసింది.

అప్పటికి పన్నెండయింది. తాతబ్బాయిగారు రాజోలులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కరీముల్లాకి ఫోన్ చేశారు.

"లాగట్లేదా? కంగారుపడకండి, ఇవన్నీ మామూలే" అన్నాడు కరీముల్లా. "నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి చాలు."

"ఆ మాట ఎవరితో అంటున్నారండీ! మా వంశం పనే అది."

"అయితే ముందు ప్లగ్ తీసెయ్యండి. లోపల సంచి ఉంటుంది, నిండిపోయి ఉంటుంది. తీసి దులిపెయ్యండి."

ప్లగ్ తీశారు. సంచి తీశారు. ఎక్కడ దులపాలో కరీముల్లా చెప్పలేదు గనక హాలు మధ్యలోనే దులిపారు. నడుమెత్తు కుప్ప పడింది. కుప్ప చూసి ముగ్గురూ సంతోషించారు, మెకానిక్ అన్నట్టు నిజంగానే సంచి నిండి ఉంది కదా అని.

"సంచి వెనక ఫిల్టర్ ఉంటుంది. కడిగి ఎండలో పెట్టండి. ఆరేదాకా ముట్టుకోవద్దు" అన్నాడు కరీముల్లా.

కడిగి పెరట్లో గోడ మీద పెట్టి, ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని కాపలా నిలబడ్డారు. పక్కింటి దూడ వచ్చింది. ఫిల్టర్ వాసన చూసింది. నోట్లో పెట్టుకుంది.

"నాన్నా, దూడ తినేస్తోంది!" అన్నాడు సత్తిపండు.

"ఆరిందా?"

"లేదు నాన్నా, దాని చొంగతో ఇంకా తడిసింది."

"అయితే ముట్టుకోకు!"

దూడ తీరిగ్గా నమిలి మింగి వెళ్ళిపోయింది. కరీముల్లా మళ్ళీ ఫోన్ చేసి ఆరిందా అని అడిగితే, "ఇప్పుడు తడి అన్నదే కనపడట్లేదండీ" అన్నారు తాతబ్బాయిగారు నిజాయితీగా.

"శభాష్. ఇప్పుడు కింద బ్రష్ చూడండి. వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి, కత్తిరించెయ్యండి. ఇంట్లో వెంట్రుకలు ఉన్నన్నాళ్ళూ ఈ బాధ తప్పదనుకోండి."

బ్రష్‌కి చుట్టుకున్నవి కత్తిరించారు. ఆ తర్వాత ముగ్గురూ ఒకరి తల ఒకరు చూసుకున్నారు. అంతే! క్షవరం చేసే వీర్రాజుని పిలిపించారు. తాతబ్బాయిగారు నున్నగా తయారయ్యారు. సత్తిపండూ అయ్యాడు. తాయారు మాత్రం తన జడ చేత్తో పట్టుకుని కాసేపు కూర్చుంది. పెళ్ళినాటి నుంచి కొబ్బరినూనె రాసి పెంచుకున్న జడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్ల పురుడు కంటే నాకీ జడ ఎక్కువా? కానివ్వు వీర్రాజూ" అని తల వంచింది.

మూడు గుండ్లూ కలిసి మిషను స్విచ్ నొక్కాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మళ్ళీ ఫోన్ చేస్తే, "ప్లగ్ పెట్టారా?" అన్నాడు కరీముల్లా.

"తీసెయ్యమన్నారు గానీ పెట్టమనలేదు కదండీ."

కరీముల్లా బాగా నీరసంగా, "పెట్టండి బాబూ. గొట్టంలో కూడా అడ్డం ఉండొచ్చు. గొట్టం తీసి వెనక కన్నానికి తగిలించి ఆన్ చెయ్యండి. గాలి బయటికి ఊదుతుంది, అడ్డం పోతుంది" అని ఫోన్ పెట్టేశాడు.

గొట్టం వెనక తగిలించారు, ఆన్ చేశారు. గొట్టం మూతి సరిగ్గా హాల్లో కుప్ప వైపు ఉంది. ఇంకేముంది! రోడ్డు దుమ్ము, బూడిద, ఊక అన్నీ ఒక్కసారి లేచాయి. ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. కాసేపటికి సత్తిపండు కేక వేశాడు. "నాన్నా, కుప్ప మాయం! హాలు ఖాళీ!"

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. తర్వాత కళ్ళు తుడుచుకుని చూస్తే కుప్ప ఎక్కడికీ పోలేదు. గోడల మీద ఉంది, దూలాల మీద ఉంది, పిల్ల కోసం వేసిన మంచం మీద ఉంది, మూడు గుండ్ల మీదా ఉంది. గడియారం తుడిచి చూస్తే మూడున్నర.

తాయారు మంచం పక్కన కూలబడి భోరుమంది. "నా పిల్ల ఇంక రాదండీ. అక్కడ నొప్పులు పడుతుంటే దాని చెయ్యి పట్టుకోడానికి నేనుండను" అని ఏడ్చింది. అది విని తాతబ్బాయిగారు చటుక్కున లేచి నిలబడ్డారు. ఆయన బుర్ర అంత చురుగ్గా ఎన్నడూ పనిచెయ్యలేదు.

"ఏడవకే! దుమ్ము పొడిగా ఉంటేనే కదా లేచేది? సత్తిపండూ, మోటారు వెయ్యరా!"

పైపు పెట్టి ఇల్లంతా తడిపారు. గోడలు తడిపారు, దూలాలు తడిపారు, మంచం తడిపారు. నాలుగయ్యేసరికి హాల్లో చీలమండ దాకా బురద.

కామాక్షమ్మ ఆటో దిగింది. గుమ్మంలో మూడు గుండ్లు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో వదినగారూ! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ. మీ మిషను బాగవ్వాలని తీయించుకున్నాం" అంది తాయారు.

కామాక్షమ్మ లోపల కాలు పెట్టింది. హాల్లో ఒకసారి జారిపడింది. వంటింట్లో రెండుసార్లు పడింది. ముగ్గురూ ఆవిడని చూడటం లేదు, ఆవిడ ముక్కునే చూస్తున్నారు. పిల్ల గదిలో ఆవిడ మళ్ళీ వెల్లకిలా పడి, ముక్కు ఎగరేసి, "ఆ... ఆ..." అంది. తాయారు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆ... అన్నయ్యగారూ, కాస్త చెయ్యి అందించండి!"

తుమ్ము రాలేదు. కామాక్షమ్మ మాట మీద నిలబడే మనిషి. బురద కారుతున్న చీరతోనే, "అన్నమాట అన్నమాటే. వచ్చే ఆదివారం పిల్లని పంపిస్తాను. అందాకా దుమ్ము చేరనివ్వకుండా ఇల్లు ఇలాగే ఉంచండి" అని చెప్పి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కేసింది. తాయారు సంతోషం పట్టలేక ఆ బురదలోనే చతికిలబడి ఏడ్చింది.

ఇలాగే ఉంచమంది కదా. అంతే, పొద్దునా సాయంత్రం మోటారు వేసి ఇంట్లో నీళ్ళు పెట్టారు. నాలుగు రోజులు తొక్కీ తొక్కీ మట్టినేల మెత్తగా దమ్ము చేసిన చేనులా తయారైంది. ఇంత మంచి నేల బీడు పెడితే నలుగురూ నవ్వుతారని తాతబ్బాయిగారు నారు తెచ్చి, హాల్లోనూ వంటింట్లోనూ వరసగా నాట్లు వేయించారు.

ఆదివారం సూర్యకుమారి బరువుగా ఆటో దిగింది. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. హాలంతా పచ్చగా ఉంది. తన గది చూసింది. చూడగానే పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాయారు ప్రాణం ఉసూరుమంది.

"ఏమ్మా సూరీడూ, ఏమైంది?"

"ఇల్లంతా నారు ఊడ్చి నా గది ఒక్కటీ బీడు వదిలేశారేంటమ్మా? పెళ్ళయ్యేసరికి నేను మీకు అంత పరాయిదాన్నయిపోయానా?" అని ఏడుస్తూ, సూర్యకుమారి కుచ్చిళ్ళు ఎగ్గట్టి నారుకట్ట అందుకుంది.