అసిరమ్మ ఆగమంది

అనగనగా, బియ్యంలో సగం రాళ్లే ఉండే కాలంలో, ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఉండేవారు. పెద్దది గవరమ్మ, చిన్నది అసిరమ్మ. అసిరమ్మ బియ్యం గాలిస్తే ఒక్క రాయి పంటికి తగిలేది కాదు. గిన్నె వంచేది, రాళ్లు అడుక్కి దిగేదాకా ఆగేది, పైబియ్యం ఇంకో గిన్నెలోకి జార్చేది. గవరమ్మకు ఆగడం చేతకాదు. "చిన్నకోడలు వండితేనే అన్నం," అనేవాడు మామ. గవరమ్మకు కడుపు మండిపోయేది.

ఒక పొద్దున గవరమ్మ మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిలింది. ఇల్లు గిర్రున తిరిగింది. దిష్టి తీశారు, తగ్గలేదు. తాయెత్తు కట్టారు, తగ్గలేదు. మాడుకు ఆముదం పెట్టారు, తగ్గలేదు. పొయ్యి అసిరమ్మ చేతికి పోయింది. పొయ్యి పోయాక పెద్దకోడలికి ఇంకేం మిగిలింది? తల తిరగడం కన్నా అదే ఎక్కువ బాధ.

అసిరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఏ పక్కకి తిరిగితే వస్తంది?"

"కుడిపక్కకే. కాసేపుండి పోతంది. నీకెందుకే?"

"చెవిలోపల ఇసుకరవ్వ చోటు తప్పినట్టుంది. గిన్నె వంచినట్టు తల వంచి జార్చేద్దాం."

నన్ను చంపి పొయ్యి ఉంచేసుకుంటుంది కాబోలు, అనుకుంది గవరమ్మ. అయినా పడుకుంది.

అసిరమ్మ అక్క తల కుడికి తిప్పి, మంచం అంచు మీంచి కిందికి వాల్చింది. ఇల్లు తిరిగింది.

"ఆగిందా అక్కా?"

"నేదు."

"అయితే ఆగుదాం."

ఆగాక తల ఎడమకి తిప్పింది.

"ఆగిందా అక్కా?"

"నేదు."

"అయితే ఆగుదాం."

ఆగాక ఒళ్లంతా ఎడమపక్కకి దొర్లించి, ముఖం నేలవైపు పెట్టింది.

"ఆగిందా అక్కా?"

"ఆగింది."

మెల్లగా లేపి కూర్చోబెట్టింది. ఇల్లు ఉన్నచోటే ఉంది.

పొయ్యి గవరమ్మకు తిరిగొచ్చింది. కానీ ఊరంతా అసిరమ్మ పేరే.

ఆ తర్వాత ఒక వానాకాలం అసిరమ్మ జ్వరంతో పోయింది. తల తిరిగినవాళ్లు, ఆ పద్ధతి ఒంటిమీద తెలిసిన గవరమ్మ దగ్గరికి రాసాగారు. తగ్గగానే, "అసిరమ్మ చలవ," అని దండం పెట్టేవారు. చేతులు నావి, దండం దానికా, అని ఉడికిపోయేది గవరమ్మ. చచ్చినదాని మీద కూడా ఏడుపే.

ఒకసారి కుమ్మరి సూరమ్మ వచ్చింది. "దాని పేరెత్తకు," అని చెప్పి గవరమ్మ గబగబా ఆమె తల తిప్పేసింది. తగ్గలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు సూరమ్మ అడిగింది.

"అసిరమ్మైతే ఏం చేసేది?"

గవరమ్మ పళ్లు కొరికింది. సూరమ్మను పడుకోబెట్టి, తల మంచం అంచు మీంచి వాల్చింది. సూరమ్మ కంగారుగా లేవబోతే భుజం నొక్కిపట్టింది.

"అసిరమ్మ ఆగమంది," అంది.

ఆగారు. తగ్గింది. బతికినన్నాళ్లూ గవరమ్మ ఏడుస్తూనే ఆ మాట అంది.

ఇప్పటికీ ఆ పక్క పల్లెల్లో తల తిరిగి తొందరపడి లేవబోయేవాళ్ల భుజం నొక్కి, "అసిరమ్మ ఆగమంది," అంటారు. ఆ మాట మొదట ఎవరన్నారో మాత్రం ఎవరూ అడగరు.