తలుపుల్లేని ఈదురుగుట్ట మల్లన్న

ఈదురుగుట్ట మల్లన్న గుడికి రాతి ద్వారబంధం ఉంది, గడప ఉంది, తలుపులు మాత్రం లేవు. మార్గశిర, పుష్య మాసాల్లో ఉత్తరపు గాలి నేరుగా గర్భగుడి దాకా వస్తుంది. స్వామివారి శిల కూడా మిగతా క్షేత్రాల్లోలాగా నున్నగా ఉండదు. చలికి గగుర్పొడిచిన ఒంటిలాగా నిలువెల్లా సన్నని బొడిపెలు కనిపిస్తాయి. శిల్పికి పని చేతకాలేదని కొందరు యాత్రికులు నవ్వుకుంటూ వెళ్తారు. వారి కోసమే ఈ కథను కొంచెం గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

పూర్వం ఇక్కడ గుట్ట చుట్టూ ఉన్న పల్లెలను పెద్దిరాజు అనే నాయకుడు ఏలేవాడు. ఈ గుడి ఆయన తాతలు కట్టించినదే. పెద్దిరాజుకు భక్తి లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ భక్తికి కావలసినవన్నీ ఎప్పుడూ ఇతరుల ఇళ్ల నుంచే వచ్చేవి.

ఒక ఏడు కార్తికం వెళ్లగానే చలి ముదిరింది. వేకువన చేల మీద తెల్లగా మంచు పేరుకునేది. నిండు పూత మీదున్న కంది, వేడినీళ్లు చల్లినట్టు కమిలిపోయి పూతంతా రాల్చేసింది. ఆముదపు ఆకులు నల్లబడి వేలాడాయి. శనగకు కాయే పట్టలేదు. మంచు ఆరని గడ్డి మేసిన ఎడ్లకు కడుపులు ఉబ్బాయి. చూడి బర్రెలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి, పాడి బర్రెలు పాలు తగ్గించేశాయి. రైతులు గట్టు మీద కూర్చుని చేలను చూడలేక తలలు తిప్పుకున్నారు.

గొర్రెల కాపరులు మాత్రం కొంత ధైర్యంగా ఉన్నారు. ఒంటి మీద బొచ్చు ఉన్నంతవరకు గొర్రె ఎంత చలినైనా ఓర్చుకుంటుంది. అందుకే చలికాలంలో వారు కత్తెర ముట్టరు.

సరిగ్గా ఆ కత్తెరనే పట్టమని పెద్దిరాజు ఆజ్ఞ చేశాడు. స్వామికి చలి పెడుతున్నదట. స్వామికి ఉన్ని దుప్పట్లు, మంటపానికి ఉన్ని తెరలు కావాలట. పనిలో పనిగా తన దివాణానికి తివాచీలు కూడా కావాలట! ముందు దేవుడి పేరు చెప్పి వెనక తన కోరిక చేర్చడం ఏలినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

"శివరాత్రి పోనియ్యిండ్రి దొరా. అప్పుడు మీరు అడగకున్నా కత్తిరించి ఇస్తం" అని కాపరులు మొరపెట్టుకున్నారు.

"దేవుడి కంటే గొర్రె ఎక్కువైందా మీకు?" అని పెద్దిరాజు గద్దించాడు. ఆయన మనుషులు దొడ్లలోకి దిగి, అడ్డుపడిన వారిని తోసేసి, మందలన్నింటినీ గొరిగించారు.

ఆ మందల్లో ఒకటి బీరవ్వది. ఆమె నల్లబండ పల్లెకు చెందిన కురుమ స్త్రీ. భర్త పోయిన తరువాత మందను తానే కాసుకుంటూ, ప్రతి గొర్రెనూ పేరుపెట్టి పిలుచుకునేది. అవి ఈనే రోజులు. పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఈదురుగాలితో వాన మొదలైంది. బోసి ఒళ్లతో గొర్రెలు ఒకదానిలో ఒకటి దూరి నిలబడ్డాయి. అప్పుడే పుట్టిన పిల్లలు తల్లి పొదుగు అందుకోకుండానే కొయ్యబారిపోసాగాయి. గుట్ట మీద నీడ అంటే మల్లన్న మంటపమొక్కటే. బీరవ్వ బతికి ఉన్న పిల్లలను గొంగడిలో వేసుకుని, మందను గుడికి తోలింది. మిగిలిన కాపరులు ఆమె వెనక నడిచారు.

గుడి తలుపులు లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి. లోపల ఉన్ని తెరలు, నిప్పుల కుంపట్లు, దుప్పట్లు కప్పుకున్న స్వామి. కాపలాగా పూజారి బసవలింగం ఒక్కడే ఉన్నాడు.

"అయ్యగారూ, తలుపు తియ్యిండ్రి. పిల్లలు సచ్చిపోతున్నయి" అని బీరవ్వ తలుపు బాదింది.

"గుడిలోకి మందను తోలుతావా? మైలపడితే నాయకుడు నన్ను బతకనిస్తాడా? వెళ్లిపో తల్లీ" అన్నాడు బసవలింగం.

ఆమె ఇక పూజారితో మాట్లాడలేదు. నేరుగా స్వామినే అడిగింది.

"మల్లన్నా! నువ్వు సుత మా అసోంటి కాపరివే అంటరు గదా. ఏ కాపరన్న మంద బొచ్చు గీకించి తాను కప్పుకొని, మందను వానల ఇడిచి తలుపేసుకుంటడా? సిగ్గులేదా నీకు? చలైతే నన్ను అడుగు, నా గొంగడి ఇస్త. నోరులేని జీవి ఒంటి మీదిది గుంజుకునుడేంది? ఇగ నుంచి నిన్ను మొక్కేటోళ్లు మా మందల ఉండరు, పో!"

ఆమె మాట ముగియగానే బసవలింగానికి తన వెనక దవడలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూశాడు. స్వామి మీది దుప్పట్లన్నీ జారి నేల మీద పడి ఉన్నాయి. నిన్నటిదాకా అద్దంలా ఉన్న శిల గగుర్పొడిచి వణుకుతున్నది.

"వాటి బొచ్చు నాకు కప్పితే నాకు చలి ఆగుతుందా? వాళ్ల తిట్టు నాకు తగిలింది. తలుపు తియ్యి" అన్న మాట గర్భగుడిలో మారుమోగింది.

పూజారి గడియ లాగాడు. గొర్రెలు కుంపట్ల దగ్గరికి ఉరికాయి. బసవలింగం తన చేతులతోనే తెరలు చించి పిల్లలకు చుట్టాడు. కొన్ని కళ్లు తెరిచాయి. చాలా వాటికి ఆ వెచ్చదనం ఆలస్యంగా అందింది.

కబురు తెలిసి పెద్దిరాజు మండిపడుతూ వచ్చాడు. "తోలేయండి!" అని అరిచాడు. ఎవరూ కదలలేదు. బీరవ్వ ఎదురు వెళ్లి, చచ్చిన పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నువ్వడిగిన తివాచీ ఇదే. మెత్తగున్నదా?"

ఆ పిల్ల ఒంటి చల్లదనం పెద్దిరాజు చేతుల నుంచి గుండెకు ఎక్కింది. ఆయన వణుకుతూ నిలబడి చూస్తుండగానే కాపరులు గుడి తలుపులను ఊడబెరికి, ముక్కలు చేసి, మందకు చలిమంట వేశారు.

ఆ తరువాత ఎన్ని తివాచీలు కప్పుకున్నా నాయకుడికి వణుకు తగ్గలేదు. చివరకు స్వామి కలలో కనిపించి, "గొరిగించిన ప్రతి మందకూ నీ చేత్తో కప్పు వేసి రా" అని ఆజ్ఞాపించాడు. పెద్దిరాజు పల్లె పల్లెకూ నడిచాడు. ఉన్ని తిరిగి ఇచ్చాడు. కొట్టాలకు దడులు కట్టించాడు. పైరు పోయిన రైతులకు విత్తనం పంచాడు. ఆఖరి దొడ్డిలో ఒక గొర్రెపిల్లకు తన శాలువా తీసి కప్పినప్పుడు ఒంటి వణుకు ఆగింది. అప్పుడు ఆయన బీరవ్వ గుడిసెకు వెళ్లి క్షమించమని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతవు? పిల్లను పోగొట్టుకున్న తల్లి గొర్రెను పోయి అడుగు" అన్నదామె.

ఆమె క్షమించిందని పెద్దలు చెప్పలేదు. మేమూ రాయడం లేదు.

నేటికీ పుష్యమాసపు మొదటి ఆదివారం నాడు ఈ క్షేత్రంలో తిట్ల సేవ జరుగుతుంది. కాపరుల ఇళ్లలోని పెద్ద ముత్తవ్వ గడప మీద నిలబడి, ఆ ఏడు చలికి మాడిన పైరునూ చచ్చిన జీవాలనూ చెప్పి స్వామిని తిడుతుంది. ఊరి పెద్దలు పైబట్ట లేకుండా చలిలో నిలబడి వినాలి. భక్తులు తాము తెచ్చిన గొంగళ్లు స్వామికి చూపి ఇంటికి తీసుకెళ్లి పశువులకే కప్పాలి. అలా చేసినవారి మంద ఈదురుగాలికి తట్టుకుంటుందని, కంది పూత నిలుస్తుందని ఈ ప్రాంతపు నమ్మకం.

మొన్నటి ఏడు పట్నం నుంచి వచ్చిన ఒక దాత గుడికి వెండి తలుపులు చేయిస్తానన్నారు. ముత్తవ్వ ఆయనను ఆపాదమస్తకం చూసి, "నీ ఊళ్లె కొట్టాలు ఎట్లున్నయో చూసినవా బిడ్డా?" అని అడిగింది. ఆయన చూడలేదు. ఆ రోజు తిట్లలో ఆయనకూ వాటా దక్కింది. ఆయన నొచ్చుకున్నారని విన్నాం. సాక్షాత్తు స్వామే నోరెత్తకుండా విన్న తిట్లవి. వినడానికి మనకెందుకు నామోషీ?