నూకాలు మాట పూర్తయ్యేదాకా

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరంత ఊరే అనుకోండి, రాజుగారు ఓ బడి పెట్టించాడు. రాజుగారి బడి కదా, కట్టెలు కొట్టేవాడి పిల్లకీ సేనాపతి పిల్లకీ ఒకటే చాప. పిల్లలు కట్టే జీతమూ లేదు, పాడూ లేదు. ఊ కొట్టండి మరి!

ఆ సేనాపతి కూతురు మంగతాయారు. దాని నోటికి హద్దూ అదుపూ లేదు. గేదెలు కాసేవాళ్ళ పిల్ల నూకాలుకేమో నత్తి. పొద్దున్నే పేరు పిలిస్తే ‘వచ్చానండి’ అనాలా, పాపం ‘వ... వ...’ దగ్గరే ఆగిపోయేది. ఓ రోజు మంగతాయారు ‘వవ్వవ్వ’ అని వెక్కిరించింది. బడి బడంతా పకపకా నవ్వింది. మర్నాడు నూకాలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

రాజుగారికి తెలిసిన మందు ఒకటే, గోడకుర్చీ. తప్పు చేస్తే గోడకుర్చీ, తుమ్మితే గోడకుర్చీ. కుర్చీయే కదా అని ఓసారి తనూ వేసి చూసి చతికిలబడ్డాట్ట! మంగతాయారు గోడకుర్చీ వేసింది, లేచి చెంగున గెంతింది. శిక్ష అయిపోయింది, తప్పూ అయిపోయిందనుకుంది వెర్రిమొహం. కాళ్ళు నొప్పెట్టాయే గాని సిగ్గు వెయ్యలేదు.

బడిలో పాఠాలు చెప్పేది రాజుగారి కోడలు. మామగారితో మెత్తగా అందట: గోడకుర్చీ వేస్తే కాళ్ళు నొప్పి, గుంజీలు తీస్తే నడుం నొప్పి, బెత్తం పడితే చెయ్యి నొప్పి, మరి నూకాలు నొప్పి ఎవరికి తెలిసింది మామగారూ?

కోడలు వెళ్ళి నూకాల్ని బతిమాలి తీసుకొచ్చి, మంగతాయారుకి ఎదురుగా కూచోబెట్టింది. తొందరేం లేదు, చెప్పమ్మా అంది. ఊ కొడుతున్నారా? నూకాలు ఆగి ఆగి చెప్పింది. రోజూ తెల్లారే గేదెల ముందు నుంచుని ‘వచ్చానండి’ అని వందసార్లు అనుకునేదట. ఆ వెక్కిరించిన రోజున గేదెల దగ్గర సరిగ్గా వచ్చిందట. అందుకే సంబరంగా బడికి పరుగెత్తుకొచ్చిందట.

మంగతాయారు తల ఎత్తలేకపోయింది. చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయిందర్రా! గోడకుర్చీయే నయం, గోడ మనకేసి చూడదు. వంద గుంజీలు తీస్తానంది.

“నీ గు... గుంజీలు నేనేం చేసుకోను, ఊ... ఊరగాయ పెట్టుకోనా?” అంది నూకాలు. “నా మాట అయ్యేదాకా ఆ... ఆగు. అందర్నీ ఆపు.”

మర్నాడు పేరు పిలిచారు. ‘వ...’ ఎవరో కిసుక్కుమనబోతే మంగతాయారు వెనక్కి తిరిగి చూసింది. ఇంక ఎవ్వరూ కిక్కురుమనలేదు. ‘వ... వ...’ ఎంతసేపో! ఇంత కష్టపడి తెచ్చుకున్న మాటనా నేను లాక్కున్నాను అని మంగతాయారు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

“వచ్చానండి!”

బడంతా ఊపిరి పీల్చుకుంది. ఆ ఇద్దరూ నేస్తాలైపోయారు. నూకాలు అంతా మర్చిపోయింది గాని, మంగతాయారుకి ముసలయ్యాక కూడా ఆ ‘వ’ గుర్తొస్తే తల వాలిపోయేదట. దెబ్బ తింటే తప్పు తీరదర్రా. ఎవర్ని ఏడిపించామో వాళ్ళ ఎదుటే కూచుని వినాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.